దూలం మాదిరి తలకట్టు

మంగళవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. చిక్కపేటలో ఒక పాత్రల అంగడి లోపల, కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి నన్ను అడిగింది: "ఆంటీ, ఫాంట్ ఏది పెట్టమంటారు?" గోడ గడియారం సరిగ్గా ఆమె తల మీదుగా కనపడుతోంది కాబట్టి టైము చూశాను. ఏది మొదలైనా టైము చూసి రాసిపెట్టుకోవడం నాకు అలవాటు. హైస్కూల్లో ముప్ఫై ఒక్క సంవత్సరాలు లెక్కలు చెప్పినదాన్ని. మా అక్క సరోజమ్మ పోయింది అంతకు ముందు గురువారం. ఆ రోజు పాత సంగతులేవీ నాకు గుర్తుకు రాలేదు. డాక్టరు చెప్పిన టైము రాసుకున్నాను, ఫోన్లు చేశాను, కాఫీ తాగాను. ఏడుపు రాలేదు. రాలేదు కాబట్టి రాలేదనే రాస్తున్నాను. ఆమె ఎవరో, ఆమె చెయ్యి ఎలాంటిదో, దాన్ని చూసి ఎవరు ఏమన్నారో, అంతా ఆ అమ్మాయి ఫాంట్ అడిగినప్పుడు మొదలైంది.

మా ఇళ్ళలో మనిషి పోతే పదమూడో రోజు భోజనానికి వచ్చినవాళ్ళకు ఒక స్టీలు గ్లాసో చిన్న గిన్నో ఇచ్చి పంపుతారు. దాని మీద పోయినవాళ్ళ పేరు ఉంటుంది. తర్వాత ఏళ్ళ తరబడి ఆ పేరుతోనే నీళ్ళు తాగుతారు, మజ్జిగ పోసుకుంటారు. ఆ పని నాకు అప్పజెప్పింది మా తమ్ముడి కూతురు రోహిణి. తమ్ముడూ మరదలూ పోయాక అక్క ఆమె దగ్గరే, బ్రూక్‌ఫీల్డ్‌లో ఉండేది. "నువ్వయితే లెక్క తప్పవు అత్తా" అంది. వంద గ్లాసులు తీసుకున్నాను. ఇప్పుడు పేర్లు మనిషి కొట్టడు. కంప్యూటరులో టైపు చేస్తే లేజరు మిషను గీస్తుంది, గ్లాసుకు అర నిమిషం కూడా పట్టదు.

"ఇది చూడండి ఆంటీ, స్టైలిష్‌గా ఉంటుంది. మ్యారేజెస్‌కి అందరూ ఇదే తీసుకుంటారు."

"పోయినవాళ్ళ పేరమ్మా ఇది."

"ఓ. సారీ ఆంటీ. అయితే ఇది, సింపుల్. లేదంటే వాళ్ళ హ్యాండ్‌రైటింగ్ ఉంటే ఫోటో పంపండి, యాజ్ ఇట్ ఈజ్ వచ్చేస్తుంది. నిన్న ఒకరు వాళ్ళ నాన్న సైన్ వేయించుకున్నారు. ఫ్రైడేలోపు ఇస్తే చాలు."

"మా అక్క కూడా ఇదే పని చేసింది" అన్నాను.

"కంప్యూటరా?"

"ఉలి."

ఆ అమ్మాయి నవ్వింది. నేను శుక్రవారం వస్తానని చెప్పి బయటికి వచ్చాను.

మా నాయన పాత్రల అంగడి అక్కడికి రెండు సందుల అవతల ఉండేది. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక చీకటి నడవ. పొద్దున నాలుగున్నరకు అమ్మ లేచి కట్టెల పొయ్యి మీద నీళ్ళు పెట్టేది. ఆ పొగ నడవలో నుంచి అంగడిలోకి పోయి కొత్త పాత్రలకు చుట్టిన ఎండుగడ్డి వాసనతో కలిసేది. ఇత్తడికి చింతపండు, రాగికి నిమ్మచిప్ప, ఎవర్‌సిల్వర్ స్టీలుకు బూడిద. మా ఇంట్లో ఆడపిల్లలకు అక్షరాల కంటే ముందు నేర్పింది ఇదే. నాయన అంగడి తెరిచి, గడప కడిగి, తక్కెడకు దణ్ణం పెట్టి, ఒక ఖాళీ బిందెను వేలితో తట్టి మోగించేవాడు. ఎందుకని అడిగితే "నిద్ర లేపద్దా?" అనేవాడు. ఎనిమిదిన్నరకు సంగటి, పులుసు. అనపకాయల కాలంలో అయితే పులుసులో పితికిన పప్పు. పప్పు పితికి పితికి మా వేళ్ళకు పట్టిన ఆ వాసన రెండు నెలలు పోయేది కాదు.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. పాత్రల మీద పేర్లు కొట్టేది నాయనే. ఆయనకు చూపు మందగించాక అక్క నేర్చుకుంది. నడవలో, అంగడి వెలుతురు పడేచోట గోనెపట్ట పరుచుకుని, పాత్రను రెండు పాదాల మధ్య బిగించుకుని, చిన్న ఉలి, చిన్న సుత్తితో చుక్క పక్కన చుక్క కొట్టేది. గీత కాదు, అన్నీ చుక్కలే. పేరు పూర్తయ్యాక దీపం మసిని కొబ్బరినూనెలో రంగరించి అద్ది, పాతగుడ్డతో తుడిస్తే చుక్కల్లో నలుపు నిలిచి పేరు కనపడేది. కన్నడంవాళ్ళకు కన్నడంలో, మనవాళ్ళకు తెలుగులో. అడిగి కొట్టేది. ఆడవాళ్ళు నాయన దగ్గర చెప్పలేనివి ఆమెతో చెప్పేవారు. ఒకసారి ఒకావిడ పెద్ద చెంబు తెచ్చి, "సరోజా, నా పేరు పెద్దగా కొట్టు, దాని కింద నా కోడలి పేరు చిన్నగా కొట్టు" అంది. అక్క చెంబును అటూ ఇటూ తిప్పి చూసి, "ఒకే చెంబు మీద ఇద్దరూనా పెద్దమ్మా? చెంబుకు తలనొప్పి వస్తాదే" అంది. ఆవిడ నవ్వలేక నవ్వి ఒక్క పేరే కొట్టించుకుని పోయింది. అక్క గట్టిగా మాట్లాడగా నేను విన్నది లేదు. ఎవరైనా పాత్ర సొట్టపోయిందని అరిస్తే, సొట్ట తను పెట్టకపోయినా, తీసుకుని చక్కచేసి ఇచ్చేది.

అక్కకు పంతొమ్మిది, నాకు పదమూడు. కడప నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాడు, వాళ్ళ అమ్మ, వాళ్ళ పెదనాయన. ఆ పెద్దాయన రాత చూసి మనిషి గుణం చెప్తాడని ముందే కబురు వచ్చింది. వాళ్ళ ఊళ్ళో అంగట్లోకి గుమాస్తాను పెట్టుకున్నా, ఇంట్లోకి కోడల్ని తెచ్చుకున్నా ఆయనకు చూపించేవారట. మా ఇంట్లో ఎవరూ భయపడలేదు. అక్క రాత గుండ్రంగా ఉండేది, పాత్ర మీదైనా కాగితం మీదైనా. అమ్మ మిక్చరు, కేసరి చేసింది. పెద్దాయన ముక్కుపొడి పీల్చుకుని, తువ్వాలుతో ముక్కు తుడుచుకుని, ఒక తెల్ల కాగితం, పెన్ను తన జేబులోంచే తీశాడు.

"రాయమ్మా. మీ నాయన పేరు, నీ పేరు, ఊరు. తొందరేం లేదు."

అక్క పీట మీద కాగితం పెట్టి రాసింది. పెద్దాయన దాన్ని తీసుకుని వాకిలి దగ్గరికి పోయి వెలుతురులో పట్టి చూశాడు. అంతసేపూ పిల్లవాడు తన తట్టలో, అంటే పళ్ళెంలో, మిక్చరు నుంచి వేరుసెనగలు ఏరుకుని తింటున్నాడు.

"అప్పా, అక్షరం బాగుండాది. ముత్యాల మాదిరి ఉండాది, నేను కాదనను" అన్నాడు పెద్దాయన నాయనతో. "అయితే ఈ తలకట్టు చూడు. తలకట్టు అనేది లేచి నిలబడాల. ఈ బిడ్డ ప్రతి అక్షరం నెత్తిన దూలం మాదిరి అడ్డంగా పెట్టింది. ఇట్లా రాసేవాళ్ళు అందరి నెత్తినా ఎక్కి కూర్చుంటారు. నేను ఇది ఈ పొద్దు చూస్తుండేది కాదు."

"మా బిడ్డ నోట్లో నాలుక లేనిదన్నా" అంది అమ్మ తలుపు చాటు నుంచి.

"నాలుక అబద్ధం చెప్తాదమ్మా. చెయ్యి చెప్పదు."

నాయన ఆ కాగితం తీసుకుని చూశాడు. అక్క వైపు చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు. ఆ చూపు నాకు గుర్తుంది: ఎన్నాళ్ళుగానో ఇంట్లో ఉన్న పాత్రకు అడుగున పగులు ఉందని ఎవరో చెబితే తిప్పి చూసే చూపు. పెద్దాయన కాగితం వెనక్కి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. వాళ్ళు కేసరి తిని వెళ్ళిపోయారు. అక్క కాగితం మీద రాసినవాటిలో నాకు తెలిసి అదే చివరిది.

ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు గానీ, ఆ రోజు మా ఇంట్లో ఎనిమిదో తరగతి వరకు చదివినవాళ్ళం ఇద్దరం, అంగడి బోర్డు తానే రాసుకున్న నాయన ఒకడు. ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. అక్కా నేనూ అక్షరాలు దిద్దుకున్నది కన్నడ బళ్ళో. తెలుగు తర్వాత ఇంట్లో నాయన దగ్గర నేర్చుకున్నాం. ఆయనా కన్నడ బళ్ళో చదివినవాడే. కన్నడంలో తలకట్టు నిలబడదు, పడుకుంటుంది. మా ఇంట్లో అందరూ తెలుగుకు కూడా ఆ పడుకున్న తలకట్టే పెట్టేవాళ్ళం. చిక్కపేటలో మా ఎరుకలో ఉన్న తెలుగువాళ్ళు చాలామంది అట్లాగే రాసేవారు. పైగా పాత్ర మీద నిలబడే తలకట్టు కొట్టాలంటే ఉలిని రెండుసార్లు తిప్పాలి, అడ్డ తలకట్టుకు అవసరం లేదు, చుక్కలు వరసగా పోతాయి. కడపాయన చూసిన దూలం అది. ఒక బడీ, ఒక ఉలీ.

అది నాకు తెలిసింది చాలా ఏళ్ళకు, టీచరు ట్రైనింగులో. నా గదిలో కర్నూలు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. మా అమ్మకు అక్క కొట్టిచ్చిన చెంబు నా దగ్గర ఉంటే దాని మీది పేరు చూసి, "కన్నడ బళ్ళో చదివినవాళ్ళు కొట్టారా ఇది?" అంది. ఒక చూపు, అంతే. ఆ ఆదివారమే ఇంటికి పోయి అక్కకు చెప్పాను. ఆమె ఒక సత్తు డబ్బా మీద ఎవరి పేరో కొడుతోంది. సుత్తి ఆపలేదు.

"అయితే ఇప్పుడేం చేయమంటావే? ఆయన్ని మళ్ళీ పిలిపిస్తావా?"

"నీకు బేజారు కాలేదా అక్కా?"

"సుమ్మనే ఉండు, మాట్లాడద్దు. అక్షరం తప్పిపోతాది."

ఆ సంబంధం పోయాక ఇంకో రెండు కబురు దాకా వచ్చి, వాకిలి దాకా రాకుండానే ఆగిపోయాయి. కడప మాట చిక్కపేటకు చేరడానికి వారం పట్టలేదు. సరోజ మొండిది. అందరి నెత్తినా ఎక్కుతుంది. మొదట బయటివాళ్ళు అన్నారు, తర్వాత ఇంట్లో వాళ్ళమూ అన్నాం. తలనొప్పిగా ఉంది, ఈ పూట సంగటి వద్దు అంటే అమ్మ "ఆ పెద్దాయన ఊరికే చెప్పలేదు" అనేది. పండక్కి ఆకుపచ్చ చీర కాక నీలం అడిగితే నాయన "దూలం" అని నవ్వేవాడు. మా తమ్ముడు చిన్నప్పుడు ఆమెను ఆ పేరుతోనే పిలిచేవాడు. కొన్నాళ్ళకు అక్క ఏదీ అడగడం మానేసింది. అప్పుడు, చూశావా, మాట కూడా ఆడదు, ఎంత పొగరో అన్నారు. రాత గుణాన్ని చెప్పిందో, చెప్పిన గుణాన్ని మేమంతా కలిసి ఆమెకు తొడిగామో, లెక్కల టీచరును నేను రెండు వైపులా వేసి చూసినా సమాధానం సరిపోలేదు.

కాగితం మీద మాత్రం ఆమె మళ్ళీ రాయలేదు. అంగడి అమ్మేసినప్పుడు, తర్వాత వృద్ధుల పింఛను కాగితాల మీద, వేలిముద్రే వేసింది. "చదువు వచ్చినదానివి, వేలిముద్ర ఏంటికక్కా?" అని నేను కోప్పడితే, బొటనవేలి సిరా తలకు తుడుచుకుంటూ "వేలికి తలకట్టు లేదు కదే" అంది. మరి పాత్రల మీద ఎట్లా రాస్తావంటే, "అది వాళ్ళ పేరు. నాది కాదు" అంది. కరెంటు మిషను వచ్చి ఉలికి పని లేకుండా పోయేదాకా కొడుతూనే ఉంది.

నన్ను మాత్రం అమ్మ వదల్లేదు. నా సంబంధమూ తలకట్టు మీద పోకూడదని ఒక ముసలి పంతులును పెట్టి రెండు ఎండాకాలాలు దిద్దించింది. ప్రతి అక్షరం నెత్తిన టిక్కు, నిటారుగా, చిన్నగా, అణకువగా. నడవలో ఒక పక్క అక్క సుత్తి, ఇంకో పక్క నా పలక. నాకు పెళ్ళిచూపులు జరిగాయి. రాయమని ఎవరూ అడగలేదు. ఆనేకల్‌లో పట్టు మగ్గాలవాళ్ళ ఇంటి కోడల్ని అయ్యాను. ఉద్యోగం మానమంటే మానలేదు. అత్తగారితో ఏడాదిన్నర మాట్లాడలేదు. మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ రెండూ నా దగ్గర ఉన్నాయి. మా ఆయన నా సంతకం చూసినప్పుడల్లా "ఎంత వినయంగా ఉండాదో" అనేవాడు. తర్వాత నా చేతి కిందికి వేల జవాబు కాగితాలు వచ్చాయి. ముత్యాల రాతతో పక్కవాడి తప్పును కూడా వదలకుండా దింపినవాళ్ళను చూశాను. కోడి గీకినట్టు రాసి నూటికి నూరు తెచ్చుకున్నవాళ్ళనూ చూశాను. రాత చూసి నేను గట్టిగా చెప్పగలిగింది ఇంతే: ఏ బళ్ళో నేర్చుకున్నారు, తొందరలో ఉన్నారా, చెయ్యి నొప్పిగా ఉందా. దాని మీద నేను ఎవరికీ మార్కులు వేయలేదు.

శుక్రవారం లోపు అక్క రాత కావాలి. కాగితం మీద లేదు. పాత్ర మీద ఆమె పేరు లేదు. మా కాలంలో ఆడపిల్ల పేరు పాత్రల మీదికి ఎక్కేది పెళ్ళి సారెతోనే. సారెకు వంద పేర్లు కొట్టిన చెయ్యి తన పేరు కొట్టుకోవలసిన రోజు రాలేదు. అందుకని అక్షరాలు విడివిడిగా వెతికాను. నా సారె పాత్రలు ఎప్పుడో పాతవి ఇచ్చి కొత్తవి తీసుకునేటప్పుడు పోయాయి. ఒక్క డవరా మిగిలింది. దాని మీద నా పేరు, వనజ అని ఉంది. జ దొరికింది. బుధవారం రెండు మెట్రోలు మారి, ఆటో పట్టి బ్రూక్‌ఫీల్డ్ పోయాను. ట్రైనింగు అయ్యాక నేను అమ్మకు తిరిగి ఇచ్చేసిన చెంబు, తమ్ముడి అన్నం తట్ట రోహిణి దేవుడి గూట్లో ఉన్నాయి. చెంబు మీద లక్ష్మమ్మ. మ్మ దొరికింది. తట్ట మీద సత్యం. స దొరికింది. రెంటికీ తలకట్టు అడ్డంగా, చుక్క చుక్కా సమంగా ఉంది. మిగిలింది రో.

"రోహిణీ, నీ నామకరణానికి పెద్దత్త ఒక ఉగ్గుగిన్నె మీద నీ పేరు కొట్టింది. అది యాడుంది?"

రోహిణి వంటింటి వైపు చూసింది. "అత్తా, పోయిన నెల కిచెన్ మొత్తం మాడ్యులర్ చేయించాం కదా. ఓల్డ్ వెసెల్స్ అన్నీ ఒకేసారి స్క్రాప్‌కి ఇచ్చేశాం. అందులో ఉండిందనుకుంటా. ఆగు, ఫోటో ఉందేమో చూస్తాను." ఫోనులో చాలాసేపు వెతికింది. దొరికింది కూడా. చాప మీద ఆరు నెలల రోహిణి, పక్కన గిన్నె. గిన్నె మీద పేరున్న వైపు గోడకు తిరిగి ఉంది. రోహిణి దాన్ని పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి చూసింది. గిన్నె వెనక ఏముందో ఫోటోకు తెలియదు.

"స్క్రాప్‌వాళ్ళు తీసుకుపోయేటప్పుడు పెద్దత్త ఎక్కడుంది?"

"ఇక్కడే, ఈ సోఫాలోనే. వాళ్ళు గోనెల్లో వేస్తుంటే చూస్తా ఉండింది."

"ఏమీ అనలేదా?"

"లేదత్తా." రోహిణి నా మొహం చూసి కంగారుపడింది. "పెద్దత్త ఎప్పుడు ఏమన్నదని? ఇన్నేళ్ళలో నాకు ఒక్క మాటకు వద్దని చెప్పలేదు."

కడపాయన మాట రోహిణి పుట్టకముందే ఇంట్లో అరిగిపోయింది. ఆమె దాన్ని వినలేదు. విననిదానికి జవాబు చెప్పింది. నేను కాఫీ అడిగి తీసుకుని తాగాను. చక్కెర ఎక్కువైంది.

శుక్రవారం అంగడిలో ఆ అమ్మాయి నేను పంపిన ఫోటోలను తెర మీద పక్కపక్కన పెట్టింది. స, తర్వాత ఒక ఖాళీ, జ, మ్మ.

"రో నేను ఫాంట్‌లో పెట్టేస్తాను ఆంటీ. చిన్నగా డాట్స్ వేసేస్తే ఎవరికీ తెలీదు."

"నాకు తెలుస్తుంది."

"అయితే మీరే రాసివ్వండి. సిస్టరే కదా."

ఆమె ఇచ్చిన కాగితం మీద రో రాశాను. రోకు తలకట్టే ఉండదు. అయినా పంతులు రెండు ఎండాకాలాలు దిద్దించిన చెయ్యి ఆ ఒక్క అక్షరంలోనూ కనపడింది, నిటారుగా, చిన్నగా. దాన్ని గీత పెట్టి కొట్టేశాను. తెలుగు ఫాంట్లన్నీ ఒకసారి వరసగా చూపించమన్నాను. చూపించింది. అన్నింటికీ తలకట్టు లేచి నిలబడి ఉంది.

"అడ్డంగా ఉండేది లేదా అమ్మా? ఇట్లా, పడుకున్నట్టు?"

"అట్లా ఉంటే అది కన్నడ ఫాంట్ అవుతుంది కదా ఆంటీ."

"అదే పెట్టు."

పదమూడో రోజు వంద గ్లాసుల మీద అక్క పేరు కన్నడంలో ఉంది. మరదలి తరపు పెద్దావిడ ఒకామె గ్లాసు తిప్పి తిప్పి చూసింది. "ఏమి వనజా, కన్నడంలో ఏంటికి కొట్టించినావు? మనవాళ్ళు చదవద్దా?"

"ఈ ఊళ్ళో పుట్టి కన్నడం చదవలేనివాళ్ళు ఎవరుండారు పిన్నీ?"

"చెప్తే వినవు. నువ్వూ మీ అక్క మాదిరే మొండిదానివే."

నేను ఆమె చేతిలో గ్లాసు పెట్టి తర్వాతి వరసకు పోయాను. తొంభై ఏడు పంచాను, మూడు మిగిలాయి.

పోయినవి వరసగా రాస్తున్నాను. అక్క. అక్క కాగితం మీద రాసినదంతా. చిక్కపేట నుంచి ఎన్ని ఊళ్ళకు పోయాయో తెలియని పాత్రలు, వాటి మీద ఆమె కొట్టిన పేర్లు. వాటికి లెక్క లేదు, నేనూ పెట్టలేదు. ఒక ఉగ్గుగిన్నె. మా దగ్గర మిగిలినవి మూడు పాత్రలు, వాటి మీద ఎనిమిది అక్షరాలు. ఆమె పేరుకు కావలసినవి నాలుగు. మూడు ఉన్నాయి. రో లేదు.